కోటమిట్ట ఫలకం మీద ఏం రాయాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీలో 1757 నాటి నెల్లూరు కోట ముట్టడి గురించి ఈ మధ్య వచ్చిన వ్యాసం చదివాను. ఆ సంగతి ఒకరు పట్టించుకుని రాసినందుకు ముందుగా నా కృతజ్ఞతలు. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. ప్లాసీ యుద్ధం అదే ఏడు జూన్ 23న. ఆ రెంటి నడుమ, మే నెల మొదట్లో, పెన్న ఒడ్డున మన ఊరి కోట మీద ఇంగ్లీషు కంపెనీ దండు దాడి చేసి దెబ్బ తిన్నది. ఈ సంగతి నెల్లూరులో పుట్టి పెరిగినవాళ్ళలో చాలామందికి తెలీదు. బొబ్బిలికి బుర్రకథ ఉంది, ప్లాసీకి స్కూలు పాఠం ఉంది. మన కోటకు కోటమిట్ట అనే పేరు తప్ప ఏమీ మిగల్లేదు.

అయితే వ్యాసం చివర దీన్ని ‘సింహపురి గడ్డ మీద తొలి స్వాతంత్ర్య పోరాటం’ అన్నారు. నా అభ్యంతరం ఆ మాట మీదే. మామూలుగా అయితే ఊరుకునేవాణ్ణి. కానీ మీ వ్యాసం చదివిన ఉత్సాహంతో మా వైపు కుర్రాళ్ళు కొందరు కోటమిట్టలో ఒక శిలాఫలకం పెట్టాలని చందాలు పోగుచేస్తున్నారు. నా దగ్గరికీ వచ్చారు. ఫలకం మీద చెక్కించే వాక్యం చూపించారు. అది మీ వ్యాసంలోని చివరి వాక్యమే. కాగితం మీది తప్పును రేపు సవరించుకోవచ్చు. రాయి మీద చెక్కినది మన మనవల కాలానికీ ఉంటుంది. అందుకని ఈ ఉత్తరం కాస్త పొడుగైనా ఓపిక పట్టండి.

నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. చరిత్ర నా చదువు కాదు. కానీ శిస్తు, బకాయి, జప్తు అనే మాటల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. 1757 నాటి ఈ గొడవ గురించి చదివిన ప్రతిసారీ నాకు అందులో కనపడేది బకాయి వసూలు. ఫిరంగులు పెట్టి చేసిన బకాయి వసూలు.

అసలు గొడవ ఆర్కాటు నవాబుల ఇంట్లోది. అన్వరుద్దీన్ ఖాన్ 1749 ఆగస్టులో ఆంబూరు యుద్ధంలో చనిపోయాడు. అవతల నవాబు గిరీకి పోటీపడ్డ చందాసాహెబు, ఆయన వెనక ఫ్రెంచివాళ్ళు. అన్వరుద్దీన్ కొడుకు మహమ్మదలీ ఇంగ్లీషు కంపెనీని ఆశ్రయించాడు. 1752లో చందాసాహెబు హతమైపోయాక నవాబు గిరీ మహమ్మదలీకే దక్కింది, కానీ అప్పు కూడా ఆయన నెత్తినే పడింది. కంపెనీ ఆయన కోసం ఊరికే యుద్ధం చెయ్యలేదు. ప్రతి సిపాయి జీతం, ప్రతి బండి బాడుగ ఆయన ఖాతాలో రాసుకుంది. ఆ బాకీ కింద ఊళ్ళ మీద వచ్చే శిస్తులు తాకట్టు పడ్డాయి. తిరుపతి దేవస్థానం మీద నవాబుకు వచ్చే రాబడి కూడా అట్లానే కంపెనీ చేతికి పోయింది. ఏడుకొండలవాడికి భక్తులు వేసిన కానుకలు ఫిరంగి మందు ఖర్చుకు జమ అయ్యాయంటే ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది.

మహమ్మదలీ అన్నదమ్ములు తలో సీమ పట్టుకుని కూర్చున్నారు. పెద్దవాడు మహఫూజ్ ఖాన్ మదురై, తిరునెల్వేలి వైపు. తమ్ముడు నజీబుల్లా ఖాన్ మన నెల్లూరులో. నజీబుల్లాకు నెల్లూరు జాగీరు. రైతుల దగ్గర వసూలు చేసుకోవాలి, అందులో అన్నకు కట్టవలసింది కట్టాలి. అన్న దాన్ని కంపెనీకి కట్టాలి. ఈ గొలుసులో ఒక్క లింకు తెగినా మద్రాసులో కంపెనీ గవర్నరుకు టెన్షనే.

ముందొకసారి 1753లో తెగింది. మహమ్మద్ కమాల్ అనే ఒక సైనిక నాయకుడు, జీతం ఇచ్చే దొర లేక తన గుర్రపు దండుతో ఊళ్ళు దోచుకుంటూ తిరిగేవాడు, నెల్లూరు మీద పడి నజీబుల్లాను వెళ్ళగొట్టాడు. అక్కడితో ఆగితే కంపెనీ ఏమనుకునేదో గానీ, వాడు తిరుపతి మీద కన్ను వేశాడు. తిరుపతి రాబడి కంపెనీకి తాకట్టులో ఉంది కదా, వెంటనే సేన కదిలింది. కమాల్ ఓడి పట్టుబడ్డాడు. నజీబుల్లా మళ్ళీ నెల్లూరుకు వచ్చి కూర్చున్నాడు. అంటే ఆయన్ని ఒకసారి ఇంగ్లీషువాళ్ళే గద్దె ఎక్కించారు. స్వాతంత్ర్య పోరాటం అనేవాళ్ళు ఈ మాట దాటేస్తున్నారు.

1757 వచ్చేసరికి నజీబుల్లా అన్న మీద తిరగబడ్డాడు. మంచి అదను చూసుకున్నాడు. క్లైవు 1756 అక్టోబరులో కంపెనీ సేనలో పనికొచ్చే వాళ్ళలో చాలామందిని ఓడలెక్కించుకుని బెంగాల్ వెళ్ళిపోయాడు. మద్రాసులో మనుషులు తక్కువ. ఉత్తరాన ఫ్రెంచి సేనాని బుస్సీ బలంగా ఉన్నాడు, మచిలీపట్నం ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. ఇటు తమ్ముడు, అటు మదురైలో అన్న, ఇద్దరూ డబ్బు కట్టడం లేదు. రెండు వైపులా ఒకేసారి సేనలు పంపారు. మదురైకి కెప్టెన్ కైలాడ్. నెల్లూరుకు లెఫ్టినెంట్ కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్, నవాబు తరపు సేన ఆయనతో కలిసి.

నా సర్వీసులో బకాయి రైతుల ఇళ్ళకు జప్తుకు వెళ్ళిన రోజులు ఉన్నాయి. 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం చేతిలో పట్టుకుని వెళితే, మేం ఊళ్ళోకి రాకముందే బోరు మోటారు విప్పి చుట్టాలింటికి చేర్చేవాళ్ళు. నజీబుల్లా కూడా అదే చేశాడు. ఫోర్డ్ వస్తున్నాడని తెలిసి ఖజానా తీసుకుని ఊరు వదిలి వెళ్ళిపోయాడు. కోటను తన మనుషులకు అప్పగించాడు. రేపు ఫలకం మీద మనం వీరుడని చెక్కబోయే మనిషి ఆ రోజు కోటలో లేడు.

లోపల నిలబడినవాళ్ళు ఎవరో జీతగాళ్ళు. వాళ్ళ గురించి రాయాలి, వాళ్ళు నిలబడిన గోడ గురించి రాయాలి.

ఆ ముట్టడి గురించి వివరంగా రాసిపెట్టిన రాబర్ట్ ఆర్మ్ అప్పటికి మద్రాసు కౌన్సిల్లో సభ్యుడు. సేనను పంపినవాళ్ళలో ఒకడు కాబట్టి ఆయన చూపు కంపెనీ చూపే. కానీ గోడ గురించి ఆయన రాసిన నాలుగు మాటలు నాకు చాలా విలువైనవిగా తోస్తాయి. ఊరు పెన్నకు దక్షిణాన, తూర్పు పడమరలుగా 1,200 గజాలు, ఉత్తర దక్షిణాలుగా 600 గజాలు. గోడలు మట్టివి. ద్వారం, కొన్ని బురుజులు మాత్రం రాతివి. పైన 6 అడుగుల ఎత్తు పిట్టగోడ, అందులో తుపాకులు పెట్టి కాల్చడానికి వరసగా రంధ్రాలు. ఆ రంధ్రాలు ఎట్టా పెట్టారో చూడండి. గోడ లేపుతున్నప్పుడు, మట్టి ఇంకా తడిగా ఉండగానే, కాల్చిన మట్టి గొట్టాలు అడ్డంగా పెట్టి, వాటి మీద ఇంకో వరస మట్టి వేశారు. గోడ ఆరేసరికి గొట్టం గోడలో కలిసిపోయింది. తర్వాత గడ్డపార పెట్టి తొలిచే పని లేదు, తొలిచేటప్పుడు పెళ్ళలు ఊడే బాధా లేదు.

మా తాతగారి ఊరు బుచ్చిరెడ్డిపాళెం దగ్గర. అక్కడ మా పాత ఇల్లు మట్టిగోడలదే. గడ్డి ముక్కలు కలిపి మట్టిని కాళ్ళతో తొక్కీ తొక్కీ మెత్తన చేసి, మూరెడు ఎత్తు వరస పెట్టి, అది గట్టిపడేదాకా ఆగి, ఆ పైన రెండో వరస పెట్టేవాళ్ళు. తొందరపడితే గోడ ఉబ్బిపోతుంది. అంత పొడుగు కోట గోడలో ఎన్ని వరసలు, ఎన్ని గొట్టాలు పట్టి ఉంటాయో ఆలోచించండి. ఆ గొట్టాలు చక్రం మీద తీసి ఆవంలో కాల్చిన కుమ్మర్లు, ఆ మట్టి తొక్కిన కూలీలు ఈ చుట్టుపక్కల పల్లెల వాళ్ళే అయి ఉండాలి. ఇంగ్లీషు దండును ఆపిన దాంట్లో పెద్ద వంతు వాళ్ళది.

రాతి గోడకు ఫిరంగి గుండు తగిలితే పగుళ్ళు పారి రాళ్ళు జారిపోతాయి. మట్టి గోడ గుండును లోపలికి మింగేస్తుంది. ఎంత కొట్టినా తగిలిన చోటే గుంట పడుతుంది. కోటలు కూలగొట్టే పెద్ద ఫిరంగులు ఫోర్డ్ దగ్గర చాలినన్ని లేవు. పైగా మే నెల, కత్తెర ఎండలు. పెన్నలో ఇసుక తప్ప నీళ్ళు ఉండని రోజులు. తెల్ల సోల్జర్లు, సిపాయిలు, ఆఫ్రికా మనుషుల్ని తెచ్చి కంపెనీ తయారుచేసుకున్న కాఫ్రీ దళం వాళ్ళు, అందరూ ఆ ఎండలోనే ఉన్నారు. మొత్తానికి గోడకు గండి పడింది. దాని మీదికి దాడి వెళ్ళింది. లోపలివాళ్ళు గండి దగ్గరే నిలబడి తిప్పికొట్టారు. కంపెనీ వైపు చాలామంది దెబ్బ తిన్నారు. ఫోర్డ్ మళ్ళీ ప్రయత్నించే లోపే మద్రాసు నుంచి వెనక్కి రమ్మని కబురు వచ్చింది. కైలాడ్ మదురై కోట దగ్గర దెబ్బ తిన్నాడు, తిరుచిరాపల్లిలో మనుషులు తక్కువని చూసి ఫ్రెంచివాళ్ళు దాని మీదికి వచ్చారు. నెల్లూరు బకాయి అట్లానే ఉండిపోయింది.

జరిగింది ఇంతే. చిన్న యుద్ధం. పెద్ద యుద్ధంలో ఒక మూల జరిగిన పోరు. అయినా అందులో ఉన్న మనుషుల తర్వాతి కథ చూస్తేనే ఫలకం మీద ఏం రాయాలో తెలుస్తుంది.

ఫోర్డ్ చేతకాని అధికారి కాదు. మీ వ్యాసంలో ఆయన్ని పిరికివాడన్నారు, అది అన్యాయం. నెల్లూరు నుంచి వెళ్ళిన ఆ మనిషే మరుసటి సంవత్సరం ఇంగ్లండు రాజుగారి సైన్యంలో ఉద్యోగం వదులుకుని క్లైవు దగ్గర చేరాడు. 1758 డిసెంబరు 7న విజయనగరం ఆనంద గజపతిరాజు తోడుగా చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనను ఓడించాడు. 1759 ఏప్రిల్ 8 తెల్లవారేసరికి మచిలీపట్నం కోట పట్టాడు. లోపలున్న ఫ్రెంచివాళ్ళు బయట ముట్టడించిన తెల్ల సోల్జర్ల కంటే ఎక్కువ. ఆ దెబ్బతో ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ళ పని అయిపోయింది. అక్కడ కూడా ఆయన్ని పీడించింది డబ్బే. ఇస్తానన్న సొమ్ము గజపతిరాజు సమయానికి ఇవ్వక దారిలో వారాల తరబడి ఆగిపోయాడు, మచిలీపట్నం ముందు జీతాల కోసం సొంత సోల్జర్లే ఎదురు తిరిగారు. ఇంత చేసినా లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు ఆయన నియామకాన్ని ఒప్పుకోలేదు. 1769 చివర మళ్ళీ ఇండియాకు వస్తూ ఆయన ఎక్కిన అరోరా అనే ఓడ గుడ్ హోప్ అగ్రం దాటాక మళ్ళీ కనపడలేదు. అటువంటి మనిషిని మన మట్టిగోడ ఆపింది. ఎదుటివాడు గట్టివాడని ఒప్పుకుంటేనే మన గోడకు గౌరవం.

ఇప్పుడు నజీబుల్లా. అన్నకూ కంపెనీకీ ఎదురు నిలిచాడు కదా అంటారు. 1758లో ఫ్రెంచి సేనలకు పెద్ద అయిన లాలీ దక్షిణానికి రమ్మంటే బుస్సీ నెల్లూరు మీదుగానే వెళ్ళాడు. అప్పుడు నజీబుల్లా ఫ్రెంచి పక్షం. లాలీ మద్రాసును ముట్టడించాడు. 1759 ఫిబ్రవరిలో ఆ ముట్టడి ఎత్తేసి వెనక్కి పోవలసి వచ్చింది. గాలి ఎటు తిరిగిందో నజీబుల్లాకు అర్థమైంది. తనను నమ్మి నెల్లూరులో ఉన్న ఫ్రెంచివాళ్ళను ఒక్కడు తప్ప అందరినీ చంపించి, ఇంగ్లీషు పక్షం చేరాడు. ఏటా 30,000 వరహాలు కట్టే ఒప్పందం మీద నెల్లూరు ఆయన చేతికే ఇచ్చారు. రెండేళ్ళ కిందట ఏ డబ్బు కట్టనని అన్నదమ్ములు కోట బద్దలు కొట్టుకున్నారో, ఆ డబ్బు దగ్గరే లెక్క తేలింది. ఫోర్డ్ దండులో పడిపోయిన సిపాయిలకూ, గండి దగ్గర పడిపోయిన కోట మనుషులకూ ఏం ఒరిగింది?

ఈ మాటే కుర్రాళ్ళకు చెప్పాను. వాళ్ళల్లో ఒకడు, చురుకైన పిల్లాడు, అడిగాడు: “ఓడించిన మాట నిజమే కదా సార్? ఇంగ్లీషువాణ్ణి ఓడిస్తే అది స్వాతంత్ర్యం కోసం కాదా?” నేను చెప్పింది ఇదీ: “అబ్బయ్యా, ఓడించిన మాట నిజమే, అది రాయండి. ఎవరి కోసం ఓడించారో అదీ రాయండి. జాగీరుదారు బకాయి కోసం చచ్చిపోయిన సిపాయిని స్వాతంత్ర్య సమరయోధుడు అంటే, ఆ చావు వాడి మీద ఎవరు రుద్దారో మనం దాచిపెట్టినట్టు అవుతుంది.” పిల్లాడు ఆలోచనలో పడ్డాడు గానీ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా అడిగాడు, అది నాకు సంతోషం.

మన ఊరికి యుద్ధంలో పోయినవాళ్ళను తలుచుకోవడం కొత్త కాదు. స్వర్ణాల చెరువు పక్కన బారాషహీద్ దర్గాలో ఉన్నది పోరులో ప్రాణాలు వదిలిన పన్నెండు మంది వీరుల సమాధులని అందరం చెప్పుకుంటాం. మొహర్రం నెలలో రొట్టెల పండగకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె అని చెరువు నీళ్ళలో నిలబడి మార్చుకుంటారు. హిందువులు, ముస్లిములు అన్న తేడా లేదు. ఏ నవాబు గెలిచాడు, ఏ దొర ఓడాడు అని అక్కడ ఎవరూ అడగరు. పోయినవాళ్ళను తలుచుకుంటారు. కోటమిట్ట ఫలకం కూడా ఆ పద్ధతిలో ఉండాలని నా కోరిక.

ఇంకొకరి సంగతి కూడా చెప్పాలి. శిస్తు అంతా చివరికి ఎవరిదీ? పెన్న కాలువల కింద, చెరువుల కింద వరి పండించినవాళ్ళది. జాగీరుదారు కోటలో దండును పోషించినా వాళ్ళ గింజలే, నవాబు కంపెనీ బాకీ తీర్చినా వాళ్ళ గింజలే. దండు వచ్చిన దారిలో గడ్డివామి మిగిలేది కాదు, ఫిరంగి లాగడానికి ఎద్దుల్ని అడగకుండానే పట్టుకుపోయేవాళ్ళు. ఏ సేన అయినా, ఏ ప్రభువు అయినా ఇదే తీరు. 1801లో ఆర్కాటు నవాబుల కర్ణాటకమంతా కంపెనీ నేరుగా తీసేసుకునేదాకా మన జిల్లా రైతు ఇట్లా ఇద్దరు ముగ్గురు యజమానుల నడుమ నలిగాడు. జమాబందీ రిజిస్టర్లు మోసిన చేతులతో రాస్తున్నాను, ఈ రైతు పేరు లేకుండా ఏ శిస్తు యుద్ధం గురించి రాసినా ఆ లెక్క సరిపోదు.

అందుచేత ఫలకం మీద ఈ మాటలు చెక్కించమని కుర్రాళ్ళకు రాసి ఇచ్చాను:

‘ఆర్కాటు నవాబు మహమ్మదలీకీ, నెల్లూరు జాగీరుదారు అయిన ఆయన తమ్ముడు నజీబుల్లా ఖాన్‌కూ శిస్తు విషయంలో వచ్చిన తగాదాలో, 1757 మే నెలలో లెఫ్టినెంట్ కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ నాయకత్వాన ఇంగ్లీషు కంపెనీ దండు ఇక్కడి కోట మీద దాడి చేసింది. మట్టిగోడ మాటున నిలిచిన కోట సైనికులు దాన్ని తిప్పికొట్టారు. ఆ గోడ కట్టిన కూలీలకు, కుమ్మర్లకు, రెండు వైపులా చనిపోయిన సిపాయిలకు, ఆ ఖర్చు మోసిన ఈ సీమ రైతులకు గుర్తుగా.’

తెలుగులో ఒక పక్క, ఉర్దూలో ఒక పక్క. కోటమిట్టలో ఉర్దూ చదివే పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో ఒకరు అనువాదం చేసి పెడతామన్నారు. మనిషి కంటి ఎత్తులో ఉండాలి, బడి పిల్లలు ఆగి చదువుకునేటట్టు. చుట్టూ నాయకుల పేర్లు, చందాదారుల పేర్లు వద్దు.

దసరా తర్వాత రాయి చెక్కేవాళ్ళకు అడ్వాన్సు ఇస్తారట. కమిటీలో కొందరు ఇంకా పాత వాక్యమే ఉండాలని పట్టుబడుతున్నారు, మీ పత్రికలో వచ్చింది కదా అనేది వాళ్ళ వాదన. కాబట్టి ఈ ఉత్తరాన్ని వ్యాసం వచ్చిన జిల్లా పేజీలోనే వేయమని మనవి. వ్యాసం రాసినవారు నాతో ఏకీభవించకపోతే ఆయన జవాబు కూడా పక్కనే వేయండి. నా వంతు చందా తీసి పెట్టే ఉంచాను. వాక్యం ఖాయమైన రోజు ఇస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దారు,
మూలాపేట, నెల్లూరు.